పిల్లి లిట్టర్ బాక్స్ బయట పోస్తోంది: కారణం పరీక్ష పెట్టి పట్టుకోవడం ఎలా?

మీసాలమ్మ · 1వ రోజు
ఇంట్లో రెండు పిల్లులు. మగదానికి 6 ఏళ్ళు, ఆడదానికి 3. రెండింటికీ ఆపరేషన్ అయిపోయింది. మూడు వారాలుగా బాత్‌రూమ్ ముందు పట్టా మీద, పడకగది మూలలో ఉచ్చ కనిపిస్తోంది. పోయిన శనివారం ఒక్కరోజే లిట్టర్ బాక్స్‌లో (పిల్లి మరుగుదొడ్డి డబ్బాలో) పోసే ఇసుక బ్రాండ్ మార్చాను, రెండో బాక్స్ తెచ్చి మొదటిదాని పక్కనే పెట్టాను, ఫెరోమోన్ డిఫ్యూజర్ (పిల్లులకు ఊరటనిచ్చే వాసన వదిలే పరికరం) తగిలించాను, పట్టా ఉతికాను. ఐదు రోజులు ఏమీ లేదు. ఆరో రోజు మళ్ళీ మొదలు. ఈ నాలుగింట్లో ఏది పనిచేసినట్టు? ఇప్పుడేం మార్చాలి?

గళ్ళకాగితం · 1వ రోజు
ఏది పనిచేసిందో ఇక తేలదండి. నాలుగూ ఒకేరోజు మార్చారు కాబట్టి ఆ ఐదు రోజుల ఘనత ఎవరి ఖాతాలో వెయ్యాలో చెప్పే దారి లేదు. అసలు నాలుగింటికీ సంబంధం లేకుండానే ఆ ఐదు రోజులు గడిచి ఉండొచ్చు కూడా.

ముందు ఏమీ మార్చకుండా 14 రోజులు లెక్క రాయండి. బాక్సులు, ఇసుక, డిఫ్యూజర్ ఇప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉండనివ్వండి. ఒక కాగితం గోడకు అతికించి, పెన్ను దారంతో కట్టి పక్కనే వేలాడదీయండి. పెన్ను వెతుక్కోవాల్సి వస్తే మూడో రోజుకే రాయడం ఆగిపోతుంది. గళ్ళు ఇవి: తేదీ, టైము, ఎక్కడ, ఏ పిల్లి, బాక్స్‌లోనా బయటా, ఉచ్చకు గడ్డకట్టిన ఇసుక ముద్దలు చివరిసారి ఎత్తి ఎన్ని గంటలైంది.

బాక్స్‌లో పోసినవి కూడా రాయాలి. చాలామంది వదిలేసేది ఇదే. ‘వారంలో 5 సార్లు బయట’ అంటే ఏమీ తెలియదు. 20 సార్లలో 5 అయితే పావు వంతు, 7 సార్లలో 5 అయితే అది పూర్తిగా వేరే కథ.

డాక్టర్_పంజా · 1వ రోజు
కాగితం అతికించే ముందు వైద్యం సంగతి తేల్చుకోండి. మగపిల్లి మాటిమాటికీ బాక్స్‌లోకి వెళ్ళి ముక్కుతూ, చుక్క కూడా రాకుండా బయటికొస్తోందా? అరుస్తోందా, కింద పదేపదే నాక్కుంటోందా? అలా ఉంటే లెక్కలూ పరీక్షలూ ఏమీ వద్దు, ఆ గంటలోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. మూత్రనాళం మూసుకుపోతే రక్తంలో పొటాషియం పెరిగి 24 నుంచి 48 గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. రాత్రయింది, పొద్దున చూద్దాం అనుకునే వ్యవహారం కాదు.

అలాంటిదేమీ లేకపోయినా మూత్ర పరీక్ష చేయించండి. సాంద్రత, చక్కెర, రక్తం, స్ఫటికాలు చూస్తారు. సాంద్రత 1.035 దాటితే కిడ్నీలు నీళ్ళను బాగానే పట్టుకుంటున్నట్టు. తాగే నీళ్ళు కూడా ఒక రోజు కొలవండి: గిన్నెలో పోసింది మైనస్ మిగిలింది. పక్కన ఎవరూ తాగని మరో గిన్నె పెట్టి ఆవిరైపోయిన నీళ్ళు కూడా తీసేయాలి. రెండు పిల్లులున్నాయి కాబట్టి ఆ రోజుకు వేరు గదుల్లో ఉంచక తప్పదు. తిండిలో ఉన్నదీ కలిపి రోజుకు కిలో బరువుకు 100 మి.లీ. దాటితే షుగరో కిడ్నీయో అనుమానించాలి.

ఆ ఐదు రోజుల గురించి ఒక మాట. కుర్రపిల్లుల్లో, నడివయసు పిల్లుల్లో బయట పోయడానికి తరచుగా కనిపించే జబ్బు కారణం, ఏ సూక్ష్మజీవీ లేకుండా వచ్చే మూత్రాశయం వాపు. అది మందు వేసినా వేయకపోయినా సాధారణంగా వారంలోపు తగ్గుతుంది, కొన్నాళ్ళకు మళ్ళీ వస్తుంది. అందుకే దీనికి ప్రతి ఇంట్లో ఒక ‘తిరుగులేని’ చిట్కా ఉంటుంది.

వీధరుగు · 2వ రోజు
రెండు వారాలు ఉచ్చ తుడుస్తూ నోట్సు రాసుకోవడం ఏంటండీ? ఖరీదైన ఇసుక వేసి చూడండి. తగ్గితే తగ్గినట్టు, లేకపోతే ఇంకోటి.

తరాజు · 2వ రోజు
వీధరుగు గారూ, మనం ఇసుక ఎప్పుడు మారుస్తాం? సమస్య నెత్తికెక్కిన వారంలో. మామూలుగా వారానికి 5 ఉండేది 9కి వెళ్ళినప్పుడు. ఆ తర్వాతి వారం ఏమీ చేయకపోయినా అది 5 దగ్గరికి దిగే అవకాశమే ఎక్కువ. అది కొత్త ఇసుక మహిమ కాదు, విపరీతమైన అంకె పక్కన మామూలు అంకె రావడమంతే. గాల్టన్ దీన్ని 1886లో తల్లిదండ్రుల ఎత్తులు, పిల్లల ఎత్తుల మీద చూపించాడు. పిల్లి ఉచ్చకూ అదే వర్తిస్తుంది.

అందుకే ముందు 14 రోజుల లెక్క. మామూలు ఊగిసలాట ఎంతో తెలిస్తేనే ఏది మార్పో ఏది ఊగిసలాటో చెప్పగలం.

డాక్టర్_పంజా · 2వ రోజు
ఇంకో తేడా కూడా గమనించండి. నిలబడి తోక వణికిస్తూ గోడ మీదికో సోఫా వెనక్కో కొంచెంగా చిమ్మితే అది హద్దు గుర్తు. కూర్చుని నేల మీద పెద్ద మడుగు పోస్తే అది మరుగుదొడ్డి సమస్య. రెండింటి కారణాలు వేరు, పరీక్షలు వేరు. పట్టా మీదా మూలలోనా అంటున్నారు కాబట్టి రెండోదే కావచ్చు. తడి వెడల్పు కూడా గళ్ళలో రాయండి.

మీసాలమ్మ · 3వ రోజు
మూత్ర పరీక్ష బాగానే వచ్చింది, సాంద్రత 1.048, చక్కెర లేదు, రక్తం లేదు. కింద పోసినవన్నీ పెద్ద మడుగులే. ఏ పిల్లో ఎలా తెలుసుకోవాలి? మగదే అని ఇంట్లో అందరి నమ్మకం.

ఇసుకతిన్నె · 3వ రోజు
నమ్మకాన్ని పక్కన పెట్టి కెమెరా పెట్టండి. చీకట్లో కనిపించే మామూలు ఇంటి కెమెరా చాలు. ఒకటి బాక్సుల వైపు, ఒకటి పట్టా వైపు. పాత ఫోన్ అయితే చీకట్లో పనికిరాదు, చిన్న రాత్రిదీపం ఒకటి వేయాల్సి వస్తుంది. ఆ దీపం వేయడం కూడా ఒక మార్పే, కాబట్టి లెక్క మొదటి రోజు నుంచే వేసి చివరిదాకా ఉంచేయండి.

కెమెరా కుదరకపోతే వైద్యులు ఒక పిల్లికి ఫ్లోరెసిన్ అనే రంగు క్యాప్సూల్‌లో వేసి మింగిస్తారు. తర్వాత ఒక రోజు పాటు దాని మూత్రం యూవీ టార్చి కింద పసుపుపచ్చగా మెరుస్తుంది. ఇక్కడ పొరపాటు పడేది ఎక్కడంటే, మామూలు పిల్లి మూత్రం కూడా మసగ్గా మెరుస్తుంది, బట్టల సబ్బు మరకలూ మెరుస్తాయి. రంగు వేయని రోజు ఎలా మెరుస్తుందో ముందే చూసి పెట్టుకుంటే తేడా తెలుస్తుంది.

పాత మరకలు వెతకడానికి 365 నుంచి 395 నానోమీటర్ల టార్చి సరిపోతుంది, గది పూర్తిగా చీకటిగా ఉండాలి. దొరికిన ప్రతి మరకనూ లెక్క మొదలుపెట్టే ముందే ఎంజైమ్ క్లీనర్‌తో శుభ్రం చేయండి. ఉచ్చలో వాసననిచ్చేవి నీళ్ళతోనూ సబ్బుతోనూ పూర్తిగా పోవు. మనకు వాసన పోతుంది, పిల్లికి పోదు. క్లీనర్ పైపైన చల్లితే దండగ. ఉచ్చ ఎంత లోతుకు ఇంకిందో క్లీనర్ కూడా అంత లోతుకు ఇంకాలి. సీసా మీద రాసినంతసేపు తడిగా ఉంచి, గాలికి ఆరనివ్వాలి. ముందు వేరే సబ్బు వాడి ఉంటే నీళ్ళతో పూర్తిగా కడిగాకే వేయండి, లేకపోతే ఎంజైమ్ చచ్చుబడుతుంది. బ్లీచింగ్ మాత్రం వద్దు. మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే క్లోరమీన్ గ్యాస్ వస్తుంది. నీళ్ళలో పోయగానే తెల్లగా మారే ఫినాయిల్ రకాలూ వద్దు, పిల్లుల కాలేయం ఫినాల్‌ను సరిగా విరిచెయ్యలేదు.

మీసాలమ్మ · 18వ రోజు
14 రోజుల లెక్క ఇదిగో. బయట పోస్తున్నది మగదే, ఆడది ఒక్కసారి కూడా కాదు. మగది మొత్తం 42 సార్లు పోసింది, అందులో 11 బయట. 14 రోజుల్లో 9 రోజులు కనీసం ఒక్కసారైనా బయట పోసింది. 11లో 9 రాత్రి 11కూ పొద్దున 6కూ మధ్య. ముద్దలు రోజూ పొద్దున 8కి ఎత్తుతాను. బాక్సులు రెండూ వంటగది వెనక సందులో, మొదటిది మూత ఉన్నది, రెండోది మూత లేనిది.

గళ్ళకాగితం · 18వ రోజు
ఇప్పుడు పని మొదలైంది. 42లో 11 అంటే 26 శాతం. రాత్రిళ్ళే ఎందుకు? ఊహలు రాసుకుందాం. ప్రతి ఊహ పక్కనా ‘ఇది అబద్ధమైతే ఏం కనిపిస్తుంది’ అని కూడా రాయాలి. అది రాయలేని ఊహను పక్కన పెట్టేయండి.

మొదటిది మురికి. పొద్దున 8కి ఎత్తాక రాత్రికి రెండు బాక్సులూ నిండిపోతున్నాయి. అదే నిజమైతే రాత్రి పదిన్నరకు ఇంకోసారి ఎత్తితే బయట పోయడం బాగా తగ్గాలి. తగ్గకపోతే ఈ ఊహ పోయినట్టే.

రెండోది కాపలా. సందుకు ఒకటే దారి. ఆడపిల్లి రాత్రి ఆ దారిలో కూర్చుంటే మగది దాటి వెళ్ళదు. పిల్లులు కొట్టుకోనక్కరలేదు, ఒకటి గుమ్మంలో పడుకుని చూస్తే చాలు. పక్కపక్కన పెట్టిన రెండు బాక్సులు పిల్లి దృష్టిలో ఒక్కటే. పిల్లుల సంఖ్యకు ఒకటి కలిపి అన్ని బాక్సులు పెట్టమని చెప్పేది వేరువేరు చోట్ల అని. ఈ ఊహ నిజమైతే, ఎత్తడం పెంచినా తేడా రాదు, ఒక బాక్స్ రెండు దారులున్న చోటికి మారిస్తే వస్తుంది.

మూడోది ఇసుక నచ్చకపోవడం. కానీ ఇసుక పగలూ రాత్రీ ఒకటే, పగలు మాత్రం చక్కగా అందులోనే పోస్తోంది. ఇది వెనక్కి పెడదాం.

ముందు మొదటిదాన్ని పరీక్షించండి. మార్చడం చాలా తేలిక, వెనక్కి తీసుకోవడమూ తేలిక. 7 రోజులు కొత్త పద్ధతి, రాత్రి 10:30కి కూడా ఎత్తడం. మిగతా ఏదీ ముట్టుకోవద్దు, తిండి టైముతో సహా.

తరాజు · 19వ రోజు
లెక్కలో ఒక మెలిక. ఆ 11 సార్లూ ఒకదానికొకటి సంబంధం లేనివి కావు. ఒకసారి పట్టా మీద పోస్తే ఆ వాసనకు మర్నాడు మళ్ళీ అక్కడే పోస్తుంది. అందుకని ‘ఎన్నిసార్లు’తో పాటు ‘ఎన్ని రోజులు’ కూడా చూడండి. 14లో 9 రోజులు అన్నారే, అదే నమ్మకమైన అంకె. పోసిన ప్రతిచోటా అదే క్లీనర్, అంతే సేపు. ఒక వారం గట్టిగా కడిగి ఇంకో వారం పైపైన తుడిస్తే మీరు పరీక్షిస్తున్నది మీ చేతి శుభ్రతనే.

ఇంకోటి, కెమెరా చూసి లెక్కపెట్టేది మీరు కాకుండా, ఏ వారం ఏ పద్ధతో తెలియని మనిషైతే మేలు. ‘ఇది చిన్న మరక, వదిలేద్దాం’ అన్న జాలి మన చేతికి తెలియకుండానే వస్తుంది. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం కూడికలు చేస్తుందని జనం నమ్మారు. 1907లో ఆస్కర్ ఫుంగ్‌స్ట్ తేల్చింది ఏమిటంటే, అది ప్రశ్న అడిగినవాళ్ళ తల కదలిక చూసి గిట్ట తట్టడం ఆపుతోందని. అడిగినవాళ్ళకు జవాబు తెలియనప్పుడు గుర్రానికీ లెక్క రాలేదు.

మీసాలమ్మ · 26వ రోజు
రెండుసార్లు ఎత్తిన వారం: 21లో 5 బయట, 4 రోజుల్లో. అయిదూ రాత్రే.

గళ్ళకాగితం · 26వ రోజు
26 శాతం నుంచి 24కి. కదల్లేదు. మురికి ఊహ ఈ పిల్లి విషయంలో పోయింది. అలాగని రాత్రి ఎత్తడం మానకండి, ఇకనుంచి అన్ని వారాల్లోనూ అలాగే ఉండనివ్వండి. మధ్యలో ఆపితే అదో కొత్త మార్పు.

ఇప్పుడు రెండో ఊహ. కెమెరాలో రాత్రి సందు గుమ్మం చూడండి. ఆడపిల్లి అక్కడ ఎంతసేపు ఉంటోందో రాయండి. తర్వాత రెండో బాక్స్‌ను హాల్లో, రెండు వైపుల నుంచీ బయటికి వెళ్ళే వీలున్న చోట పెట్టండి. తిండి గిన్నెకు దూరంగా, వాషింగ్ మెషిన్ లాంటి చప్పుడు చేసేదేదీ పక్కన లేకుండా.

మీసాలమ్మ · 34వ రోజు
రెండుసార్లు ఎత్తిన వారం కెమెరాలో చూశాను: మగది బయట పోసిన 5 రాత్రుల్లో 4 రాత్రులు ఆడది గుమ్మం మీదే పడుకుంది, మిగతా రెండు రాత్రులు లేదు. బాక్స్ హాల్లోకి మార్చిన వారం: 22లో 1 బయట. తేలిపోయినట్టేనా?

తరాజు · 34వ రోజు
ఇంకా లేదు. 5 రాత్రులు, 2 రాత్రులు అన్నారు, సరే. కానీ మీరు 26వ రోజున చెప్పింది ‘4 రోజుల్లో 5’. అంటే బయట పోసిన రాత్రులు 4 అయి ఉండాలి కదా? ఒకసారి కాగితం చూడండి.

మీసాలమ్మ · 34వ రోజు
మీరన్నదే నిజం. ఒక రాత్రి రెండుసార్లు పోసింది. బయట పోసిన రాత్రులు 4, ఆ నాలుగూ ఆడది గుమ్మం మీద ఉంది. పోయని 3 రాత్రుల్లో ఒక రాత్రి మాత్రం కాసేపు ఉంది.

గళ్ళకాగితం · 34వ రోజు
కాగితం ఉంది కాబట్టి సరిదిద్దగలిగాం, జ్ఞాపకం మీద ఆధారపడితే అది అలాగే ఉండిపోయేది.

ఇప్పుడు బాక్స్‌ను కొన్నాళ్ళు పాత చోటికి తీసుకెళ్ళాలి. సమస్య తిరిగి వచ్చి, హాల్లో పెట్టగానే మళ్ళీ పోతే, యాదృచ్ఛికం అనడానికి చోటు దాదాపు ఉండదు. దీన్ని పా–కొ–పా–కొ అని గుర్తుపెట్టుకోండి: పాత, కొత్త, పాత, కొత్త.

డాక్టర్_పంజా · 35వ రోజు
ఇక్కడ నాకు కొంచెం అభ్యంతరం. బాగైన పిల్లిని తిరిగి ఇబ్బందిలోకి నెట్టడం ఊరికే చేసే పని కాదు. ఒత్తిడితో మూత్రాశయం వాపు మళ్ళీ రావచ్చు. జబ్బు చరిత్ర ఉన్న పిల్లితో అయితే అసలు వద్దనే అంటాను. దీని పరీక్షలు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి, గరిష్ఠంగా 7 రోజులు. ముక్కడం, చుక్కలు చుక్కలుగా పోయడం, మూత్రంలో ఎరుపు కనిపిస్తే ఆ క్షణమే ఆపేసి ఆస్పత్రికి.

గళ్ళకాగితం · 35వ రోజు
ఒప్పుకుంటున్నాను. ఆపాల్సిన గుర్తులు కాగితం పైనే రాసి పెట్టుకోండి.

మీసాలమ్మ · 50వ రోజు
పాత చోటు వారం: 20లో 5 బయట. మళ్ళీ హాల్లో పెట్టిన వారం: 21లో 0. ముక్కడం లాంటివేమీ లేవు.

ఇసుకతిన్నె · 50వ రోజు
ఒక్క నిమిషం. మీరు హాల్లో పెట్టింది మూత లేని బాక్స్. సందులో ఒంటరిగా మిగిలింది మూత ఉన్నది. అంటే చోటు మారడంతో పాటు, అడ్డం లేని దారిలో మూత లేని బాక్స్ దొరకడం కూడా జరిగింది. చోటు వల్లా, మూత వల్లా? ఇప్పటిదాకా ఉన్న అంకెలు రెండింటికీ సరిపోతాయి.

విడదీయడం కష్టం కాదు. సందులో ఉన్న మూత తీసి హాల్లో బాక్స్‌కు పెట్టండి, కొలత సరిపోకపోతే బాక్సులే అటూ ఇటూ మార్చండి. హాల్లో మూత ఉన్నా బయట పోయకపోతే కారణం చోటు. తిరిగి పోస్తే మూత సంగతి చూడాలి.

మీసాలమ్మ · 58వ రోజు
బాక్సులు అటూ ఇటూ మార్చాను. మూత ఉన్నది హాల్లో: 21లో 1.

ఇసుకతిన్నె · 58వ రోజు
అయితే చోటే. ఈ పిల్లికి మూతతో గొడవ లేదు. అయినా నేనైతే మూత తీసే ఉంచుతాను. మూత ఉంటే లోపలి నుంచి బయటికి ఒకే దారి, రేపు ఆడపిల్లి కాపలాను హాల్లోకి మార్చితే అదే సందు కథ.

బాక్స్ కొలత కూడా చూడండి: ముక్కు నుంచి తోక మొదలుదాకా ఉన్న పొడవుకు ఒకటిన్నర రెట్లు. పిల్లి బాక్సులని అమ్మేవి చాలావరకు చిన్నవే. బట్టలు పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బాకు ఒక వైపు 10 నుంచి 12 సెం.మీ. ఎత్తులో కోసి, అంచు గరుకు పోయి నునుపయ్యేలా రుద్దితే బాగుంటుంది.

వీధరుగు · 59వ రోజు
సరే, ఒప్పుకుంటా. ఖరీదైన ఇసుక కొని ఉంటే వృథా అయ్యేది. కానీ నా పిల్లికి నిజంగానే ఇసుక సమస్య అనుకుంటే ఎలా పరీక్షించాలి?

ఇసుకతిన్నె · 59వ రోజు
ఒకే రకం బాక్సులు రెండు, మధ్య అర మీటరు దూరం. ఒకదాంట్లో పాత ఇసుక, ఒకదాంట్లో కొత్తది, రెండింట్లో ఒకే లోతు, 5 నుంచి 7 సెం.మీ. రోజూ ఒకే టైముకు రెండింటి స్థానాలు మార్చాలి. ఇది మరిచిపోతే పిల్లికి ఎడమవైపు ఇష్టమో, ఇసుక ఇష్టమో తెలియదు. రోజూ మొదటిసారి ఎందులో పోసిందో మాత్రమే లెక్క. తర్వాతవి శుభ్రంగా ఉన్నదాన్ని వెతుక్కుంటూ వెళ్ళేవి కావచ్చు. ఎక్కువ పిల్లులు వాసన లేని, సన్నటి, గడ్డకట్టే మట్టిరకాన్నే ఎంచుకుంటాయి. లావెండర్ వాసన మన ముక్కు కోసం పెట్టింది.

తరాజు · 59వ రోజు
14 రోజులు చేస్తే 14 ఎంపికలు. ఇష్టం ఏమీ లేకపోయినా ఏదో ఒకవైపు 10 లేదా అంతకన్నా ఎక్కువ రావడం 18 శాతం సార్లు జరుగుతుంది, నాణెం ఎగరేసినట్టే. 11 లేదా ఎక్కువైతే 6 శాతం లోపు. 12 లేదా ఎక్కువైతే 1.3 శాతం, అప్పుడు నమ్మవచ్చు. 12 వచ్చిన రోజున ఆపేద్దాం అనుకోవద్దు, 14 అని మొదలుపెడితే 14 దాకా వెళ్ళాలి. నచ్చిన అంకె రాగానే ఆపడమే ఇంటి ప్రయోగాలన్నిటికీ పట్టిన చీడ.

ముద్దలు తూచి ఎంత పోసిందో తెలుసుకోవాలంటే, ముందు మీ ఇసుకను సరిచూసుకోండి. లీటరు నీళ్ళలో 9 గ్రాముల ఉప్పు కలిపి, సిరంజితో 10, 20, 40 మి.లీ. వేరువేరు చోట్ల పోసి, అరగంట ఆగి ముద్ద తీసి తూచండి. ఉత్త నీళ్ళు పోస్తే గడ్డకట్టే ఇసుకలోని బెంటోనైట్ మట్టి ఉచ్చకు ఉబ్బినట్టు కాక వేరేగా ఉబ్బుతుంది. ప్రతి కొలతా మూడుసార్లు. ఇసుక సంచీ మారితే మళ్ళీ మొదటికి.

మీసాలమ్మ · 60వ రోజు
డిఫ్యూజర్ ఇంకా తగిలించే ఉంది. నెల దాటింది, రీఫిల్ అయిపోయినట్టుంది. కొత్తది వెయ్యాలా?

గళ్ళకాగితం · 60వ రోజు
రీఫిల్ సాధారణంగా 30 రోజులకే వస్తుంది. అంటే చివరి వారాలు అది ఖాళీగానే ఉండి ఉండాలి, అయినా అంకెలు బాగున్నాయి. వెయ్యకుండా రెండు వారాలు కాగితం కొనసాగించండి.